నౌకాయుద్ధ వార్‌గేమ్‌లో సరఫరా లెక్క: ఎండెన్ సినేరియోను మొదటినుంచి కట్టే పద్ధతి

కంప్యూటర్‌లో నౌకాయుద్ధ ఆటలు ఆడే మా చెన్నై తెలుగువాళ్ళ మధ్య కొంతకాలంగా ఒకే ప్రశ్న తిరుగుతోంది. సిరుసేరిలో పనిచేసే నెల్లూరు కుర్రాడొకడు దాన్ని సూటిగా అడిగాడు: “అన్నా, చరిత్రలో జరిగినట్టే ఓడలు పెడుతున్నా, ఫిరంగులు సరిపోతున్నాయి, కవచం సరిపోతోంది. అయినా ఆట చరిత్రలా నడవట్లేదు. ఎందుకు?”

ఎందుకంటే ఆ ఓడలకు బొగ్గు అయిపోవడం లేదు కాబట్టి. అయిపోయినా, అది ఎక్కించుకోడానికి పట్టే సమయం ఆటలో లేదు కాబట్టి. సరఫరాను టన్నుల్లో లెక్కపెట్టే సినేరియో (ఒక యుద్ధ సందర్భాన్ని ఆటగా అమర్చుకున్నది) సగమే నిజం. గంటల్లో లెక్కపెడితేనే అది నౌకాయుద్ధంలా నడుస్తుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణగా మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 సెప్టెంబరులో, బంగాళాఖాతంలో జర్మన్ క్రూజర్ (వేగంగా తిరిగే యుద్ధనౌక) ఎండెన్ బ్రిటిష్ వ్యాపార ఓడల మీద సాగించిన వేట తీసుకుంటున్నాను. కారణాలు రెండు. ఓడ ఒక్కటే కాబట్టి లెక్క చేతిలో ఇముడుతుంది. పైగా అది గుండ్లు కురిపించిన తీరం మనం రోజూ చూసేదే.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మొదట ఆట సంగతి. సినేరియో ఎడిటర్ ఉండి, అందులో ఓడ వేగం, ఇంధనం, గుండ్ల సంఖ్య మార్చగలిగితే మీ పని తేలిక. అవి లేని ఆటయినా ఫర్వాలేదు, రెండు అంతస్తుల పద్ధతి వాడండి. రోజువారీ ప్రయాణం, బొగ్గు, వార్తలు అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో, పటం మీద నడపండి. రెండు ఓడలు ఎదురుపడినప్పుడు మాత్రమే ఆట తెరిచి ఆ పోరు ఆడండి. తర్వాత మిగిలిన గుండ్లు, దెబ్బలు మళ్ళీ షీట్‌లోకి ఎక్కించండి. నేనైతే ఎడిటర్ ఉన్న ఆటకు కూడా ఈ పద్ధతే వాడతాను, ఎందుకంటే లెక్క కళ్ళముందు ఉంటుంది.

‘కమాండ్: మోడర్న్ ఆపరేషన్స్’లో ఎడిటర్ బలమైనదే కానీ దాని ఓడల జాబితా రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కాలానిది. 1914కు పనికిరాదు. ‘వార్ ఇన్ ది పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’ 1941 డిసెంబరు నుంచి మొదలవుతుంది. అయినా సరుకుల్నీ ఇంధనాన్నీ వేరువేరుగా లెక్కపెట్టడం, రేవు స్థాయిని బట్టి ఎక్కింపు దింపుడు వేగం మారడం ఎలా ఉంటాయో నేర్చుకోడానికి అంతకంటే మంచి బడి లేదు. ‘రూల్ ది వేవ్స్ 3’లో ఓడను మీరే రూపొందించుకోవచ్చు కాబట్టి పోరు అంతస్తుకు బాగా సరిపోతుంది.

తర్వాత కాలపరిమితి. మొత్తం మూడు నెలల వేటనూ ఒకేసారి కట్టకండి. 1914 సెప్టెంబరు 10 నుంచి 30 వరకు చాలు. అందులో వేట, మద్రాసు, శ్రీలంక పక్కగా తిరగడం, మాల్దీవుల్లో బొగ్గు ఎక్కింపు అన్నీ వచ్చేస్తాయి.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి:

- బంగాళాఖాతం పటం, దూరాలు నాటికల్ మైళ్ళలో కొలిచే సాధనం
- ఒక స్ప్రెడ్‌షీట్: వరుసకు నాలుగు గంటల చొప్పున, రోజుకు ఆరు వరుసలు
- రెండు పక్షాలకూ వేరువేరు షీట్లు (ఒకరిది ఇంకొకరు చూడకూడదు)
- నిర్ణయాలు రాసే ఒక నోటుపుస్తకం: ఏ అంకె చరిత్రది, ఏది మీరు వేసుకున్న అంచనా

చివరిది చాలామంది వదిలేస్తారు. రెండు వారాల తర్వాత సినేరియో సవరించేటప్పుడు ఏ అంకెను ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో చెప్పేది ఆ పుస్తకమే.

## 2. ఓడ పట్టీ

షీట్ పైభాగంలో ఈ అంకెలు పెట్టండి. ఇవి చరిత్ర అంకెలు, సినేరియో కుదరట్లేదని వీటిని మార్చకండి.

- ఎండెన్: డ్రెస్డెన్ తరగతి తేలికపాటి క్రూజర్, 1909లో సేవలోకి వచ్చింది
- ఫిరంగులు: 10.5 సెంటీమీటర్లవి 10. ఒక పక్కకు పేల్చగలిగేవి 5
- గుండ్లు: మొత్తం సుమారు 1,500
- గరిష్ఠ వేగం: 23 నాట్లు దాటి (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు)
- బొగ్గు: సుమారు 860 టన్నులు
- తిరగగల దూరం: 12 నాట్ల వేగంతో సుమారు 3,760 నాటికల్ మైళ్ళు
- సిబ్బంది: సుమారు 360 మంది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్
- తోడు: మార్కోమానియా అనే బొగ్గు ఓడ

బొగ్గు ఓడల వేగం 9–10 నాట్లు పెట్టండి. ఈ ఒక్క అంకె మీ సినేరియోను సగం మార్చేస్తుంది. 23 నాట్లు పోగల ఓడ, తన బొగ్గు తన వెంట రావాలంటే, ఆ 9 నాట్లకే దిగిరావాలి. లేదా బొగ్గు ఓడను ఎక్కడో ఒకచోట ఆగమని చెప్పి, మళ్ళీ అక్కడికే తిరిగి రావాలి.

## 3. బొగ్గు ఖర్చు సూత్రం కట్టడం

860 టన్నులతో 12 నాట్ల మీద 3,760 మైళ్ళు. అంటే 313 గంటలు. గంటకు 2.74 టన్నులు. రోజుకు దగ్గరదగ్గర 66 టన్నులు.

ఈ 2.74ను రెండుగా విడగొట్టాలి. ఓడ కదలకపోయినా దీపాలకు, పంపులకు, మంచినీళ్ళు తయారుచేసే యంత్రానికి, బాయిలర్లు వేడిగా ఉంచడానికి బొగ్గు కాలుతూనే ఉంటుంది. నేను దానికి గంటకు 0.42 టన్నులు, అంటే రోజుకు 10 టన్నులు వేసుకుంటాను. ఇది నా అంచనా. మిగిలిన 2.32 టన్నులు ఓడను నడిపేది. ఆ భాగం వేగపు ఘనాన్ని (వేగం × వేగం × వేగం) బట్టి పెరుగుతుంది.

కాబట్టి సూత్రం ఇది: గంట ఖర్చు = 0.42 + 2.32 × (వేగం ÷ 12) ఘనం.

విశాఖపట్నం నుంచి మద్రాసుకు సముద్రం మీద సుమారు 325 నాటికల్ మైళ్ళు. ఆ దారిలో సూత్రం ఏం చెబుతుందో చూడండి:

- 12 నాట్లతో: 27 గంటలు, 74 టన్నులు
- 20 నాట్లతో: 16 గంటల చిల్లర, 181 టన్నులు

పదకొండు గంటలు మిగుల్చుకోడానికి 107 టన్నులు ఎక్కువ కాలింది. అది మామూలు వేగంతో ఒకటిన్నర రోజుల బొగ్గు కన్నా ఎక్కువ. 23 నాట్లతో ఏకబిగిన పోతే మొత్తం బొగ్గు 51 గంటల్లో ఖాళీ, 1,180 మైళ్ళ దగ్గర ఓడ ఆగిపోతుంది. ఆటగాడు ఈ మూడు అంకెలు ఒకసారి చూస్తే చాలు, ఇక వేగాన్ని ఊరికే పెంచడు.

ఒక జాగ్రత్త. 8 నాట్ల కన్నా తక్కువ వేగానికి ఈ సూత్రాన్ని నమ్మకండి. కాగితం మీద 5 నాట్లతో ఓడ అద్భుతంగా పొదుపుగా కనిపిస్తుంది. నిజమైన యంత్రాలు అంత నెమ్మదిగా నడిచినప్పుడు దండగ ఎక్కువ. షీట్‌లో 8 కన్నా తక్కువ వేగానికి 8 నాట్ల గంట ఖర్చునే పెట్టేయండి.

బొగ్గు రకం. ఇది చేర్చకపోతే బంగాళాఖాతం సినేరియోకు అర్థమే లేదు. సెప్టెంబరు 10న ఎండెన్ పట్టుకున్న గ్రీకు ఓడ పొంటొపొరోస్‌లో సుమారు 6,500 టన్నుల బెంగాల్ బొగ్గు ఉంది. అది నాసిరకం. పొగ ఎక్కువ, బూడిద ఎక్కువ, వేడి తక్కువ. సెప్టెంబరు 27న పట్టుకున్న బ్యూరెస్క్‌లో 6,600 టన్నుల వేల్స్ బొగ్గు ఉంది. బ్రిటిష్ నౌకాదళం తన కోసం తెప్పించుకునే మేలురకం అది. షీట్‌లో నేను వాడే గుణకాలు ఇవి, మీ పరీక్షలను బట్టి సవరించుకోండి:

- వేల్స్ బొగ్గు: ఖర్చు 1.0, పూర్తి వేగం, మామూలు పొగ
- బెంగాల్ బొగ్గు: ఖర్చు 1.25, గరిష్ఠ వేగంలో 2 నాట్లు కోత, పగటిపూట పొగ కనిపించే దూరం ఒకటిన్నర రెట్లు

నిల్వ గీత. బంకర్‌లో (ఓడలో బొగ్గు నిల్వ ఉంచే గది) మూడోవంతు ఎప్పుడూ ముట్టుకోకూడదన్న నియమం పెట్టండి. శత్రువు కనబడితే పరిగెత్తడానికి అది కావాలి. అప్పుడు వాడుకోగలిగేది 573 టన్నులు: మంచి బొగ్గుతో 8.7 రోజులు, బెంగాల్ బొగ్గుతో 7 రోజులు. అసలు ఎండెన్ కూడా సెప్టెంబరు చివర మాల్దీవుల్లో, అక్టోబరు 9న హిందూ మహాసముద్రం మధ్యలోని డీగో గార్సియా దీవిలో బొగ్గు ఎక్కించుకుంది. మీ షీట్ ఇచ్చే విరామం ఆ వ్యవధికి దగ్గరగా వస్తే సూత్రం దారిలో ఉన్నట్టే.

## 4. బొగ్గు ఎక్కింపు: టన్నులను గంటలుగా మార్చడం

ఇదే అసలు మెట్టు. తొందరపడకండి.

బ్యూరెస్క్ బొగ్గును రోజుకు 66 టన్నులతో భాగించండి. వంద రోజులు వస్తుంది. అంటే ఒక్క ఓడ దొరికితే మూడు నెలల సమస్య తీరిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. చాలా ఆటలు ఇక్కడే ఆగిపోతాయి. కానీ ఆ బొగ్గు బ్యూరెస్క్ పొట్టలో ఉంది. ఎండెన్ బంకర్‌లో లేదు.

మధ్యలో జరిగే పని ఇది. రెండు ఓడలు పక్కపక్కన చేరి, మధ్యలో దెబ్బ తగలకుండా మెత్తలు వేసుకుని, తాళ్ళతో కట్టుకుంటాయి. బొగ్గు సంచుల్లో నింపి, ఎత్తి, డెక్ మీద దించి, బంకర్ల రంధ్రాల్లోకి పారబోసి, లోపల మనుషులు పారలతో సర్దాలి. ఫిరంగుల దగ్గర ఉండాల్సినవాళ్ళే ఈ పని చేస్తారు. డెక్ నిండా నల్లధూళి. ఎండ. ఆ గంటల్లో శత్రువు పొగ కనిపిస్తే తాళ్ళు కోసుకుని పోవడం తప్ప దారి లేదు.

నేను వాడే వేగాలు (ఇవీ అంచనాలే):

- దీవుల మధ్య నిశ్చలమైన నీళ్ళు: గంటకు 50 టన్నులు
- నడిసంద్రం, ప్రశాంతంగా ఉంటే: గంటకు 35 టన్నులు
- కెరటాల ఊపు ఉంటే: గంటకు 15 టన్నులు, ప్రతి గంటకూ పాచిక వేసి ఓడ పక్కకు దెబ్బ తగిలే అవకాశం
- గాలివాన: ఎక్కింపు లేదు

500 టన్నులు కావాలంటే దీవుల్లో 10 గంటలు, నడిసంద్రంలో 14 గంటల పైమాట. దీనికి దగ్గరికి చేరడానికి ఒక గంట, విడిపోయి డెక్ కడిగి ఫిరంగులు సిద్ధం చేయడానికి ఒక గంట కలపండి.

ఎక్కింపు గంటల్లో ఎండెన్‌కు వర్తించే షరతులు:

1. వేగం సున్నా. కదలాలంటే ముందు ఒక గంట విడిపోవడానికి.
2. ఫిరంగి బృందాల్లో సగం మందే అందుబాటులో.
3. చుట్టూ చూసే కాపలా దూరం మామూలులో మూడింట రెండు వంతులు.
4. ఎక్కింపు అయ్యాక ఆరు గంటలు సిబ్బంది అలసట. ఆ వేళలో పోరు వస్తే గురిలో కోత.

ఇప్పుడు ఆటగాడి ముందున్న ప్రశ్న మారిపోతుంది. ‘నా దగ్గర బొగ్గు ఉందా’ అని కాదు, ‘పన్నెండు గంటలు ఎవరికీ కనిపించకుండా నిలబడగలిగే చోటు ఎక్కడ’ అని అడుగుతాడు. మాల్దీవులు, డీగో గార్సియా పటం మీద ఎందుకు ముఖ్యమో అప్పుడు అర్థమవుతుంది. అంతెందుకు, ఎండెన్ సెప్టెంబరు 13న పట్టుకున్న కిలిన్ అనే ఓడ నిండా బొగ్గే. దాన్ని ముంచేసింది. వెంట రెండు బొగ్గు ఓడలు అప్పటికే ఉన్నాయి. మూడోది లాక్కుపోవడానికి మనుషులూ దండగే, వేగమూ దండగే. మీ సినేరియోలో ఆటగాడు తనంతట తాను బొగ్గు ఓడను ముంచే నిర్ణయం తీసుకున్న రోజు, లెక్క కుదిరిందని నేను ఒప్పుకుంటాను.

## 5. గుండ్లు: తిరిగి రానివి

బొగ్గు, బియ్యం, సబ్బు, నీళ్ళు పట్టుకున్న ఓడల నుంచి దొరుకుతాయి. 10.5 సెంటీమీటర్ల జర్మన్ గుండ్లు ఏ వ్యాపార ఓడలోనూ దొరకవు. కాబట్టి షీట్‌లో గుండ్ల గడికి ‘కలుపు’ అన్న వరుసే ఉండకూడదు. తీసివేత ఒక్కటే.

మద్రాసు మీద పేల్చినవి సుమారు 130. మొత్తంలో పదోవంతుకు కొంచెం తక్కువ. ఒక పక్క 5 ఫిరంగులతో లెక్కేస్తే ఫిరంగికి 26. ఇవి వాడేశాక సగటు క్రూజర్‌తో పోరుకు ఎన్ని మిగులుతాయో ఆటగాడు ప్రతిసారీ చూసుకోవాలి. వ్యాపార ఓడలను గుండ్లతో ముంచే అలవాటున్న ఆటగాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. ఆ పనికి ఓడలోకి దిగి నీటి కవాటాలు తెరవడం, మందుపాతర పెట్టడం అనే ఎంపిక పెట్టండి: గుండ్ల ఖర్చు దాదాపు సున్నా, సమయం రెండు గంటలు. గుండ్లతో అయితే అరగంట. మళ్ళీ టన్నులకూ గంటలకూ మధ్య బేరమే.

## 6. మనుషులను కూడా నిల్వగానే లెక్కపెట్టండి

పట్టుకున్న ప్రతి ఓడ మీదికీ కొందరిని పంపాలి. సుమారు 360తో మొదలైన గడి, పంపిన ప్రతిసారీ తగ్గాలి. నేను బొగ్గు ఓడకు 15 మందిని తీస్తాను.

తగ్గితే ఏమవుతుందో నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర తేలింది. అక్కడి తంతి (టెలిగ్రాఫ్) కేంద్రాన్ని పాడుచేయడానికి ఎండెన్ 50 మందిని ఒడ్డుకు దించింది. బ్యూరెస్క్ మీద కొందరు, ఎక్స్‌ఫోర్డ్ అనే మరో బొగ్గు ఓడ మీద కొందరు అప్పటికే ఉన్నారు. ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ వచ్చేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళు ఒడ్డునే మిగిలిపోయారు. ఎండెన్ వాళ్ళు లేకుండానే పోరాడాల్సి వచ్చింది.

బందీల గడి కూడా ఉండాలి. వాళ్ళకు తిండి, నీళ్ళు, కాపలా కావాలి. ముంచిన ఓడల నావికులను కబింగా అనే ఓడలోకి చేర్చి, తర్వాత దాన్ని వదిలిపెట్టారు. మీ ఆటగాడికీ ఆ ఎంపిక ఇవ్వండి. వదిలిన ఓడ రేవు చేరిన గంట నుంచీ బ్రిటిష్ పక్షానికి వార్త తెలిసిపోతుంది.

## 7. వార్త కూడా సరఫరాయే: బ్రిటిష్ పక్షం

ఇక్కడ నేను ఎక్కువ సాగదీయను, ఒక్క నియమం చాలు. బ్రిటిష్ ఆటగాడికి ఎండెన్ ఎక్కడుందో నేరుగా ఎప్పుడూ చెప్పకండి. వార్త ఏదో ఒక ఓడ ఎక్కి రేవు చేరాలి, అక్కడి నుంచి తంతిలో పోవాలి. సెప్టెంబరు 13న ఎండెన్ ఆపి, తటస్థ దేశపు ఓడ కాబట్టి వదిలేసిన ఇటలీ ఓడ లోరెడానో ద్వారానే హుగ్లీ ముఖద్వారం దగ్గర ఓడలకు హెచ్చరిక అందింది.

షీట్‌లో ఇలా:

- చూసిన ఓడ → దగ్గరి రేవుకు దాని వేగంతో ప్రయాణ సమయం
- రేవులో తంతి: 4 గంటలు
- యుద్ధనౌకకు వైర్‌లెస్‌లో చేరడం: పరిధిలో ఉంటేనే, లేకపోతే అది రేవుకు వచ్చినప్పుడు
- వార్తలో చెప్పిన చోటు: చూసిన చోటే, ఇప్పుడున్న చోటు కాదు

వేటాడే క్రూజర్లకూ బొగ్గు, రేవు తిరుగుళ్ళు, సైనికుల ఓడలకు తోడువెళ్ళే బాధ్యత ఉన్నాయి. హాంప్‌షైర్, యార్మత్ లాంటివాటిని సెప్టెంబరు 10న బంగాళాఖాతం మధ్యలో నిలబెట్టేస్తే అది వేరే యుద్ధం అవుతుంది.

పోలిక విషయం మర్చిపోకండి. ఎండెన్‌కు మూడు పొగగొట్టాలు. గుడ్డతో నాలుగోది కట్టి బ్రిటిష్ క్రూజర్‌లా కనిపించేది. ఎడిటర్‌లో గుర్తించే దూరాన్ని సగానికి తగ్గిస్తే ఆ పని అయిపోతుంది. ఇదే ఎదురు దిశలోనూ పనిచేస్తుంది. కోకోస్ దగ్గర దూరాన కనిపించిన సిడ్నీ పొగను ఎండెన్ మొదట బ్యూరెస్క్‌ది అనుకుంది. బొగ్గు కోసం ఎండెన్ రమ్మని పిలిచింది బ్యూరెస్క్‌నే కదా. ఎవరికోసం ఎదురుచూస్తున్నామో వాళ్ళే వస్తున్నారనిపిస్తుంది. మీ గుర్తింపు పాచికలో, ఎదురుచూసే ఓడ ఉన్న వేళ పొరపాటుకు అవకాశం పెంచండి.

## 8. మద్రాసు రాత్రి: గంటలను వెనక్కి లెక్కించడం

సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. సుమారు 3,000 గజాల దూరం. సెర్చ్‌లైట్, తర్వాత గుండ్లు. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు రెండు అంటుకున్నాయి. రేవులో ఉన్న చుప్రా అనే ఓడకు దెబ్బ తగిలి ప్రాణాలు పోయాయి. తీరఫిరంగులు తేరుకుని పేల్చినవి ఎండెన్‌కు తగల్లేదు.

ముందుగా ఒక విషయం సరిచూడాలి. ఎండెన్ ఆ నూనె కోసం రాలేదు. ఆ ఓడ బొగ్గుతో నడిచేది. కాబట్టి మద్రాసు వల్ల దాని ఇంధన గడిలో ఏమీ కలవకూడదు. అక్కడ సాధించింది వేరే: ఊళ్ళో భయం, ఓడల రాకపోకలు నిలిచిపోవడం. దీన్ని షీట్‌లో ‘తర్వాతి 5 రోజులు తూర్పు తీరంలో వ్యాపార ఓడల కదలిక సగం’ అని రాసుకోండి. గుణకం నాది, దిశ చరిత్రది.

ఇక చీకటి. ఆటలో తేదీ వేస్తే చాలామంది చంద్రుణ్ణి చూసుకోరు. పంచాంగం తెలిసిన మనకు ఇది కష్టం కాదు. 1914 ఆగస్టు 21న సూర్యగ్రహణం. అంటే ఆ రోజు అమావాస్య. దానికి 29న్నర రోజులు కలిపితే తర్వాతి అమావాస్య సెప్టెంబరు 19–20. కాబట్టి 22వ తేదీకి తదియ నాటి సన్నని చంద్రరేఖ, రాత్రి ఎనిమిది ప్రాంతానికే అస్తమిస్తుంది. తొమ్మిదిన్నరకు కటిక చీకటి. ఎడిటర్‌లో ఆ రాత్రికి చంద్రకాంతి సున్నా పెట్టండి.

ఇప్పుడు వెనుదిరగడం. విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే) రోజులు కాబట్టి చెన్నైలో తెల్లవారుజాము ఆరింటికి సూర్యోదయం. కాల్పులు ముగించి 9:45కు బయలుదేరితే చీకట్లో మిగిలినవి ఎనిమిదింపావు గంటలు:

- 12 నాట్లతో: 99 మైళ్ళు, 23 టన్నులు
- 17 నాట్లతో: 140 మైళ్ళు, 58 టన్నులు
- 20 నాట్లతో: 165 మైళ్ళు, 92 టన్నులు

దాడికి ఖర్చు 130 గుండ్లు, అర్ధరాత్రి పరుగుకు 58 టన్నులు. ఇవి రెండూ ముందే తెలిసి, అయినా వెళ్ళాలా వద్దా అని ఆటగాడు కొన్ని నిమిషాలు ఆలోచించాలి. ఆలోచించకుండా ‘సరే’ అంటే లాభం ఎక్కువ పెట్టారన్నమాట. అసలు వెళ్ళకపోతే తక్కువ పెట్టారు.

చెన్నైలో ఉన్నవాళ్ళు ఒక సాయంత్రం ప్యారీస్ కార్నర్ వెళ్ళండి. హైకోర్టు ఆవరణ తూర్పు గోడకు, గుండు పడిన చోట శిలాఫలకం ఉంది. దాని దగ్గర నిలబడి రేవు వైపు తిరిగితే, లక్ష్యమైన ట్యాంకులకూ గుండ్లు పడిన చోట్లకూ మధ్య ఎంత చెదురు ఉందో కాళ్ళకు తెలుస్తుంది. ఆ కాలంలో దీపస్తంభం కూడా ఆ హైకోర్టు భవనం మీదే ఉండేది. మీ ఆటలో గుండ్లన్నీ ట్యాంకుల మీదే పడుతుంటే గురిని తగ్గించాల్సి ఉంది. ఎగ్మోర్‌లోని రాష్ట్ర పత్రాగారం, కన్నెమరా గ్రంథాలయం కూడా ఇక్కడే ఉన్నాయి. వేరే ఊళ్ళ ఆటగాళ్ళకు లేని వసతి ఇది.

## 9. పరీక్షించే క్రమం

మొత్తం కట్టాక ఒకేసారి ఆడకండి. ఈ వరుసలో పొండి:

1. శత్రువు లేకుండా ఎండెన్ ఒక్కదాన్నే పది రోజులు తిప్పండి. బొగ్గు లెక్క మాత్రమే చూడండి.
2. బొగ్గు ఓడను చేర్చండి. కలుసుకునే చోటుకు ఒకరు ఆలస్యమైతే ఏమవుతుందో ఆడి చూడండి. రెండో చోటు ముందే రాసి పెట్టుకోని ఆటగాడు ఇక్కడ ఇరుక్కుంటాడు.
3. వ్యాపార ఓడలు, వార్తల నియమం చేర్చండి.
4. చివరగా బ్రిటిష్ క్రూజర్లు.

ప్రతి మెట్టుకూ వేరే సేవ్ ఫైల్ ఉంచండి. ఏ మెట్టులో లెక్క తప్పిందో వెతకడానికి అదే దిక్కు.

## 10. తరచు కనిపించే తప్పులు, వాటి సవరణ

రేవు తాకగానే బొగ్గు నిండిపోతోంది. ఆటలోనే ఆ అమరిక ఉంటే ఆపేయండి. ఆగకపోతే రేవులో ఓడను కావలసినన్ని గంటలు కదలకుండా కట్టేసే నియమం షీట్‌లో రాయండి.

ఎండెన్ ఎప్పుడూ 20 నాట్ల మీదే తిరుగుతోంది. ఖర్చు సూత్రంలో ఘనానికి బదులు మామూలు గుణకారం పెట్టి ఉంటారు. మొదట అది చూడండి.

బ్రిటిష్ పక్షం మూడో రోజుకే పట్టేస్తోంది. క్రూజర్ల సంఖ్య తగ్గించకండి, అది చరిత్రను మార్చడం. వార్త ఆలస్యం పెంచండి, క్రూజర్ల బొగ్గు గడులు నిజంగా తగ్గుతున్నాయో లేదో చూడండి.

ఎవరూ ఎవరికీ దొరకట్లేదు, ఆట చప్పగా ఉంది. వ్యాపార ఓడలు సముద్రమంతా చెల్లాచెదురుగా ఉన్నాయన్నమాట. వాటిని మద్రాసు–కలకత్తా, కొలంబో–కలకత్తా దారుల మీద గీత గీసినట్టు పెట్టండి. సెప్టెంబరు 10 నుంచి 14 లోపు ఎండెన్ ఎనిమిది ఓడలు పట్టగలిగింది అది దారి మీద కూర్చుంది కాబట్టే.

నెలాఖరుకు కూడా వేగం తగ్గలేదు. వేడి సముద్రంలో ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం పడిపోతుంది. పది రోజులకు అర నాట్ చొప్పున తగ్గించండి. డీగో గార్సియాలో ఎండెన్‌ను ఒక పక్కకు వాల్చి గీకారు. అలాంటి నిశ్చలమైన చోట ఒక రోజు ఆగితే పోయిన వేగంలో సగం తిరిగి ఇవ్వండి.

ఇద్దరు ఆటగాళ్ళూ షీట్లు నింపలేక అలిసిపోతున్నారు. నాలుగు గంటల వరుసలను ఖాళీ సముద్రంలో పన్నెండు గంటలకు కలిపేయండి. బొగ్గు ఎక్కింపు, తీరం దగ్గర, ఏదైనా పొగ కనిపించినప్పుడు మాత్రం మళ్ళీ నాలుగు గంటలకు దించండి. ఎక్కింపు వరుసలను మాత్రం ఏ కారణంతోనూ కుదించకండి. ఆటలో ఊపిరి బిగపట్టేది అక్కడే.

కొత్తవాళ్ళు మొదటిసారి ఆడేటప్పుడు జర్మన్ పక్షం వాళ్ళకే ఇవ్వండి, బ్రిటిష్ పక్షం సినేరియో కట్టినవాళ్ళు తీసుకోండి. అన్నీ తెలిసిన మనిషి వార్తల ఆలస్యాన్ని నిజాయితీగా పాటిస్తాడు. కొత్తవాళ్ళు బొగ్గు గడి చూస్తూ నిర్ణయాలు నేర్చుకుంటారు. రెండో ఆటకు పక్షాలు మార్చుకోవచ్చు.